సుగుణమ్మగారి ఇంటర్వ్యూలో బాతులు

మొన్న కొల్లేరులో నా పరువు పోవలసింది, మా పిన్ని దయవల్ల నిలబడింది. ఎలాగో చెప్తాను, టీ తాగుతూ వినండి.

మా ఏలూరు కాలేజీలో పాత రేడియో ఇంటర్వ్యూలు సేకరిస్తున్నాం కదండీ, రచయిత్రులవీ, ఉద్యమాలు నడిపిన ఆడవాళ్లవీ. క్యాసెట్ల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించే పని నాది. అందులో సుగుణమ్మగారిది ఒకటి. కొల్లేరు లంక ఊళ్లో మంచినీళ్ల కోసం ఆడవాళ్లని కూడగట్టి ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి. రేడియోవాళ్లు ఆవిడ ఇంటికే వెళ్లి రికార్డు చేశారు. ప్రసారమైన రోజు వాళ్లింట్లో రేడియోకి బ్యాటరీలు అయిపోయాయట. ఆవిడ ఇప్పటిదాకా విననేలేదు.

క్యాసెట్ ఒక్కసారి తిరిగి తెగిపోయింది. ఫైలైనా దక్కిందన్న సంబరంలో దాన్ని ప్రిన్సిపాల్‌గారికి పంపబోయి మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. సిగ్గేసి వెంటనే డిలీట్ కొట్టాను. అది నా ఫోన్లోంచి మాత్రమే పోయిందని తర్వాత తెలిసింది. ఎవరు వింటార్లే అని వదిలేశాను.

ఇప్పుడు నా తెలివి చూడండి. ఆ రికార్డింగులో వెనకాల బాతుల గోల, గిన్నెల చప్పుడు, ఎవరో ముసలావిడ కేకలు. ఇదేం గోలరా బాబూ అని, ప్రిన్సిపాల్‌గారికి పంపేముందే ఒక యాప్‌లో వేసి శుభ్రంగా కడిగేశాను. పాత ఫైలు మీదే సేవ్ చేశాను కూడా, చోటు మిగులుతుందని!

మొన్న సుగుణమ్మగారింటికి వెళ్లి, మంచం మీద ఆవిడ పక్కన కూర్చుని వినిపించాను. గొంతు గంటలా వస్తోంది. ఆవిడ చివరిదాకా విని, "నేను బాగానే మాట్లాడానండీ. మా అమ్మ ఏదండీ?" అన్నారు.

"అమ్మగారా అండీ?"

"వెనకాల బాతులకి నూకలేస్తా, నన్ను కేకలేస్తానే ఉందండీ. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు. ఇందులో ఉంటుందని ఇన్నాళ్లూ అనుకున్నాను."

చెత్త అనుకుని నేను కడిగేసింది ఆవిడ కన్నతల్లిని.

వీధిలోకొచ్చి తాడేపల్లిగూడెంలో ఉన్న మా పిన్నికి ఫోన్ చేశాను. పిన్ని తన ఫోన్లో గుడ్ మార్నింగ్ పువ్వుల్ని కూడా పారేయదు.

"పిన్నీ, గ్రూపులో పొరపాటున ఒక ఇంటర్వ్యూ పెట్టాను, ఉందా?"

"ఎందుకు లేదూ? బియ్యం ఏరుకుంటూ వింటూ ఉంటాను. ఆ వెనకాల ముసలావిడ భలే తిడుతుందే."

పంపింది. మళ్లీ వినిపించాను. సుగుణమ్మగారు గంభీరంగా "స్త్రీలు ముందుకు రావాలండీ" అంటుండగా, వెనకనుంచి "ఒసేయ్ సుగుణా, వచ్చినావిడకి టీ ఇచ్చావా? ముందది చూడు" అని ఒక కేక. దాని వెంటే బాతులు. ఆవిడ నవ్వారు, నవ్వుతూనే కళ్లొత్తుకున్నారు. "మా అమ్మేనండీ" అని నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత మెల్లిగా లేచి నాకు టీ పెట్టారు, అమ్మ చెప్పింది కదా అని. పిన్నికి ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే.

తిరిగొస్తూ జరిగిందంతా పిన్నికి చెప్పాను. "నువ్వు శ్రద్ధగా చేసినవేవీ పంపకే తల్లీ, పొరపాటున చేసినవే పంపు" అంది. ప్రస్తుతం మా ప్రాజెక్టు ఆ పద్ధతిలోనే నడుస్తోంది.