చెవి దాకా ఎక్కిన భుజం

"గాలి గట్టిగా పీల్చయ్యా."

"పీలుస్తానే ఉన్నాగదే. ఇంకెంత పీల్చేది?"

మీ తాతా నేనూ ఆఖరున అనుకున్న మాటలివే. ముందు ఇవి రాయి, మనవరాలా. నర్సరావుపేట ఆసుపత్రిలో ముక్కుకు ఆక్సిజన్ పెట్టుకుని ఆయన, మంచం పట్టె పట్టుకుని నేను. నాపరాయి క్వారీలో బతుకంతా రాళ్లు కోసిన మనిషి. ఒంటి మీది దుమ్ము రోజూ కడిగితే పోయేది, రొమ్ములోది పోలేదు. ఆ మాటన్నాక ఆయన మళ్లీ నోరు తెరవలేదు. నేను మాత్రం పీల్చు, పీల్చు అంటూనే ఉన్నాను, నర్సమ్మ వచ్చి పట్టె మీది నుంచి నా చెయ్యి విడదీసే దాకా.

ఆ రోజు బిగిసిన కుడిభుజం మళ్లీ దిగలేదు. చెవి దగ్గరికి ఎక్కి కూర్చుంది. చెయ్యి రొమ్ము దాటి పైకి రాదు. గంప నెత్తికెత్తుకోలేనిదాన్ని మిరపకోతకు ఎవరు పిలుస్తారు? పొద్దున్నే ఆటో వచ్చి వాకిట్లో హారన్ కొడుతుంది. వీధిలో ఆడవాళ్లందరూ నవ్వుకుంటూ ఎక్కిపోతారు. నేను నా కోడలి ముందు, అంటే మీ అమ్మ ముందు, పీట మీద కూర్చుని చంటిపిల్లలా తల దువ్వించుకుంటాను.

"కదలబాకత్తా. మీ అబ్బాయికి క్యారేజీ కట్టాల, ఆయన ఫ్యాక్టరీ బస్సు పోద్ది."

మీ అమ్మ అన్నది అన్నట్టే రాయి, కొట్టెయ్యకు. మంచిదే పాపం. కానీ జుట్టు ఎంత గట్టిగా లాగి ముడేస్తుందంటే పొద్దు గూకే దాకా నెత్తి మీద ఎవరో చెయ్యేసి పట్టుకున్నట్టే ఉంటుంది. ఊరి పక్క సిమెంటు ఫ్యాక్టరీ దుమ్మొస్తుందని కిటికీలు తియ్యరు. ఆ ముడితో ఆ గోడల మధ్యే తిరుగుతాను.

మాత్రలు మింగాను, కాపడం పెట్టించుకున్నాను, లాభం లేదు. చివరింటి కోడలు ఏదో ప్రకృతి వైద్యశాలలో ఒళ్లు పట్టే పని చేసి వచ్చింది. ఆ పిల్ల నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టి, భుజం కింద బొటనవేలు పెట్టి, "ఇప్పుడు గాలి గట్టిగా పీల్చత్తా" అంది.

అంతే. ఒళ్లంతా కొయ్యబారిపోయింది. "నీ గాలి నువ్వే పీల్చుకోవే" అని లేచి వచ్చేశాను.

"ఈమెకు మందూ పడదు, మర్దనా పడదు. రేపు దేవుడొచ్చి పట్టినా లేచొస్తది" అని మీ అమ్మ సణిగింది.

కొన్నాళ్లకు ఆ పిల్లే మనింటికి వచ్చింది. ఎందుకు లేచిపోయావని అడిగింది. ఆసుపత్రి మాటలు చెప్పాను. ఆ పిల్ల లేచి చాప పరిచింది.

"సరే అత్తా, పీల్చమని అనను. నేను నొక్కినప్పుడు వేడి టీ మీద ఊదినట్టు ఊదు చాలు. పీల్చే సంగతి ఒళ్లే చూసుకుంటది."

బోర్లా పడుకుని ఊదాను. నా నోటికెదురుగా నాపరాయి గచ్చు. మీ తాత కోసి తెచ్చి పరిచిన రాళ్లే. ఊదినప్పుడల్లా రాయి చెమ్మగిల్లడం, ఆరిపోవడం. ఆ పిల్ల వేళ్లు చంక పక్కన ఎక్కడో ఆగాయి. అక్కడ నొక్కి, "ఇంకా ఊదు, ఇంకా ఉంది" అంది. అప్పుడొచ్చింది గొంతులోంచి ఒక అరుపు. ఏడుపు కాదు. తాడు బిగిసిన మేక అరిచినట్టు.

మీ అమ్మ గరిటె పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఏందత్తా ఇది! వీధిలో వాళ్లు నేను కొట్టాననుకోరా?"

కొంగు నోట్లో కుక్కుకున్నాను. మిగిలింది లోపలే ఉండిపోయింది. అయినా ఆ పూట చెయ్యి చెవి దాటింది. మర్నాడు నా ముడి నేనే వేసుకున్నాను. వదులు ముడి, ఎంత హాయిగా ఉందో.

నాలుగు రోజులన్నా నిలవలేదు. మీ అమ్మ ఫోన్లో యోగా పెట్టింది. అందులో ఎవరో "శ్వాస గట్టిగా పీల్చండి" అన్నారు. నా చేతిలో దువ్వెన జారి కింద పడింది. భుజం మళ్లీ ఎక్కి కూర్చుంది. మళ్లీ పీట, మళ్లీ మీ అమ్మ దువ్వెన.

చివరింటి పిల్లకు చెప్పాను. "లోకంలో ఎంతమంది నోళ్లు మూస్తావత్తా?" అని నవ్వింది. "ఆ మాటలు ఎవరిచేతన్నా రాయించుకో. చదివించుకుంటా ఊదు. అవి వింటా కూడా భుజం దిగిందనుకో, ఇక ఆ మాట ఎవరు అన్నా నీకేం కాదు."

అందుకే నిన్ను కూర్చోబెట్టింది. నాకు వేలిముద్ర తప్ప రాదు. కోతలు ఇంకా అయిపోలేదు. ఆటో రేపూ వస్తుంది.

కాసిని మంచినీళ్లు తాగి, మొదటినుంచీ చదువు తల్లీ. నా మాట దగ్గర ఆగబాక, ఆయన మాట కూడా చదివెయ్. నేను చెయ్యి లేచినంత మేర ఎత్తి పెట్టి ఊదుతుంటాను. మధ్యలో చెయ్యి దిగిపోయినా నా వంక చూడబాక, చదువు.