తాలుకాయ ఏరిన చేతులు

మనవరాలి ఇంగ్లీషు వర్క్‌బుక్‌లో ఇవాళ 'సార్ట్' అనే మాట వచ్చింది. ఈ వయసులో అక్షరాలు నేర్చుకుంటున్న నాకు తనే పంతులమ్మ. అంటే ఏందని అడిగితే, "కలిసిపోయినయి ఏరి, ఏ రకానియి ఆ పక్క పెట్టుడు అమ్మమ్మా" అంది. ఎదురింట్లో మిరపకాయలు దంచుతున్నారు. ఆ ఘాటుకు తుమ్ము వచ్చింది.

చిన్నప్పుడు కల్లూరు దగ్గర మిరప కల్లాల్లోకి అమ్మ కూలికి పోయేది. చెల్లె, నేను పక్కన కూర్చుని ఎర్రకాయ ఒక కుప్పగా, తెల్లబారిన తాలుకాయ ఒక కుప్పగా ఏరేవాళ్లం. ఆ ఏడు ఇద్దరిలో ఒక్కరినే బడికి పంపుతానంది అమ్మ. బాగా పనిచేసిన పిల్లనే పంపుతుందనుకున్నాను. వేళ్లు మండుతున్నా, మెడ గుంజుతున్నా తల ఎత్తలేదు. చెల్లె మాత్రం కళ్లు నులుముకుని ఏడుస్తూ రెండు కుప్పలూ కలిపేసేది.

"నీ పెద్దదానియి చేతులా మిషనా?" అమ్మతో అంది పక్కన ఏరుతున్నామె.

"అవ్ వదినె, గిది లేకుంటే నా పని తెమలదు. చిన్నదాన్నే బళ్లె ఏస్తా. అది ఈడుండి చేసేదేముంది?" అంది అమ్మ.

నేను ఇంకో గంప ముందుకు లాక్కున్నాను. అట్లా లాక్కుంటూనే ఇన్నేళ్లు గడిచాయి.

"జల్దీ రాయి అమ్మమ్మా," అంటోంది మనవరాలు. పేజీలో పండ్ల పేర్లు, జంతువుల పేర్లు కలిసిపోయి ఉన్నాయి. ఒక్కో మాటా కూడబలుక్కుంటూ నెమ్మదిగానే ఏరుతున్నాను. జల్దీగా ఏరితే ఏమవుతుందో నాకు తెలుసు.