పెదవుల మీద వేలు

ఆవిడను నేను ఫోన్ తెరలో తప్ప చూడలేదు. అయినా ఆవిడంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంటే. మా ఆయనకు సౌదీలో, రాస్ తనూరా రిఫైనరీలో కాంట్రాక్టు పని. మూడేళ్ళు దాటినా మా వాడికి మాటలు రాలేదు. ఇక్కడ తెలుగు తెలిసిన థెరపిస్టు దొరక్క, హైదరాబాదు నుంచి ఆన్‌లైన్‌లో నేర్పే ఆవిడను పెట్టుకున్నాం. నేర్పడం వాడికి కాదు, నాకు.

నేను వాడికి అన్నం పెడుతుంటే ఆవిడ చూసేది. నేను నోరు విప్పితే చాలు, చూపుడు వేలు తన పెదవుల మీద పెట్టుకునేది. కన్నతల్లిని పట్టుకుని నోరు మూసుకోమనడమేమిటి? వాడి కళ్ళు చూసే దాహమని కనిపెట్టి నీళ్ళు అందించడం నాకు అలవాటు. ఆవిడకు అదే తప్పయింది.

"ఆగండమ్మా. వాడిని అడగనివ్వండి."

"మాటే రానోడు ఎట్ల అడుగుతాడు మేడమ్?"

"మీరు ఆగితే అడుగుతాడు."

ఒకరోజు నీళ్ళ గ్లాసు నా చేతిలోనే ఉంచమంది. వాడు ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెట్టాడు. ఆవిడ వేలు తీయలేదు. నేను ఫోన్ కట్ చేసి, ఆ రోజుతో క్లాసులే మానేశాను.

మరునాడు ఆ కోపంతోనే, ఇసుకగాలికి కిటికీలన్నీ మూసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చున్నాను. వాడు గ్లాసు తెచ్చి నా ఒళ్ళో పెట్టి, నా మొహంలోకి చూసి, "నీలు" అన్నాడు.

"బాబు ఎలా ఉన్నాడమ్మా?" అని ఆవిడ మొన్న కూడా మెసేజ్ పెట్టింది. పక్కనే వాడు వసపిట్టలా వాగుతున్నాడు. నేను జవాబివ్వలేదు. ఆగమని నేర్పింది ఆవిడే కదా, ఆగనీ.