వెంకటలక్ష్మమ్మ చేత చెప్పించిన అబద్ధం

మునిరాజు మదనపల్లె టమోటా మార్కెట్లో పదకొండేళ్లు మండీ గుమాస్తాగా చేశాడు. ఆ మండీ మూతపడ్డాక, నలభై ఏళ్ల వయసులో, ఊళ్లలో ఉచితంగా గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టించే కంపెనీలో చేరాడు. చౌడేపల్లె చుట్టుపక్కల మూడువందల పన్నెండు ఇళ్లు అతని కింద ఉండేవి.

కంపెనీ ఇళ్లవాళ్ల దగ్గర పైసా తీసుకోదు. ఒక ఇంట్లో కట్టెలు మానేసి పేడ గ్యాస్ మీద వంట చేస్తే ఏడాదికి ఎంత పొగ తగ్గిందో లెక్కగట్టి, ఆ లెక్కను ఎక్కడో ఉన్న ఫ్యాక్టరీలకు అమ్ముతుంది. కార్బన్ క్రెడిట్లు అంటారు వాటిని. అందుకని ఆరు నెలలకోసారి మునిరాజు ప్రతి ఇంటికీ వెళ్లి, పొయ్యి వెలిగించి, మంటను ఫోన్లో ఫోటో తీసి పంపాలి.

మొదటి రెండేళ్లు ఆ పని ఇష్టంగానే చేశాడు. మసిపట్టని గిన్నెలు తెచ్చి చూపించే ఆడవాళ్లను చూస్తే సంతోషంగా ఉండేది. మూడో ఏడు వానలు పడలేదు. మేత కొనలేక జనం ఆవుల్ని పుంగనూరు సంతకు తోలారు. పేడ లేక ప్లాంట్లు ఒక్కొక్కటే ఎండిపోయాయి. ఆ మాటే మేనేజరు భీమరావుకు చెప్పాడు.

"మళ్లీ కొంటార్లేప్పా ఆవుల్ని. అంతవరకు మండతాండాదనే రాసుకో" అన్నాడు భీమరావు.

అంతకుమించి ఎవరూ అతన్ని బలవంతపెట్టలేదు. ఆ సంగతి మునిరాజు ఎప్పుడూ దాచలేదు. ఆవులు లేని ఇళ్లలో మామూలు సిలిండర్ పొయ్యి వెలిగించమని, మంట ఒక్కటే కనబడేలా దగ్గరనుంచి ఫోటో తీసేవాడు. అలా తొంభైనాలుగు ఇళ్లు చేశాడు.

తర్వాత బెంగళూరు నుంచి తనిఖీకి ఇందు అనే ఆమె వస్తుందని కబురొచ్చింది. ఆమె ఎంచుకున్న పది ఇళ్ల పేర్లు ఇరవై రోజుల ముందే పంపించారు. తొమ్మిది ఇళ్లలో పొయ్యి మండుతోంది. పదోది వెంకటలక్ష్మమ్మ ఇల్లు. అరవై దాటిన మనిషి, ఒక్కతే ఉంటుంది. ఉన్న రెండావుల్నీ ఎండాకాలంలోనే అమ్మేసింది.

మునిరాజు ఆ రోజే ఆమె దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, బెంగళూరు మేడమ్ వస్తాది. ఆ పొద్దు పొయ్యి మండకపోతే ప్లాంటు పీక్కోని పోతారు. ఆవులుండాయనే సెప్పల్ల."

పీక్కుపోవడమనేది ఉత్తమాట. భయపడి ఎవరినైనా పట్టుకుని పేడ వేయిస్తుందిలే అనుకున్నాడు.

తనిఖీ రోజు పొయ్యి వెలిగిస్తే నీలిమంట లేచింది. మునిరాజుకు ప్రాణం కుదుటపడింది. తర్వాత గోడవారన పేడ గంప, దానిమీద నలిగిపోయిన చుట్టకుదురు కనిపించాయి. వెంకటలక్ష్మమ్మ కుడి మడమకు గుడ్డ కట్టి ఉంది. వాకిట్లో నిలబడ్డ పక్కింటి కుప్పమ్మ అతనికి మాత్రమే వినబడేలా చెప్పింది. "దినామూ తెల్లారేపాటికి రాణోళ్ల ఆవుల షెడ్డుకాడికి పోయి రెండు గంపలు మోసకొస్తాండాదప్పా. మైలు దూరం. వద్దంటే ఇనలేదు."

లోపల ఇందు అడుగుతోంది. "ఆవులెన్ని ఉన్నాయమ్మా?"

"రెండుండాయమ్మా."

"ఎక్కడ? కనబడలేదే."

వెంకటలక్ష్మమ్మ మునిరాజు ముఖంలోకి చూస్తూ జవాబు చెప్పింది. "మేపను తోలుకోని పోయినారు."

ఇందు రాసుకుంది. కారు పుంగనూరు దారి పట్టాక, ఈ పది ఇళ్లలో ఆ పెద్దమ్మ ఇల్లే శుభ్రంగా ఉందని మెచ్చుకుంది. "మీరు రాసి పంపే ఒక్కో ఇంటికీ ఇంత పొగ తగ్గిందని మేం సర్టిఫికెట్ ఇస్తాం మునిరాజు గారూ. దాన్ని కొన్నవాళ్లు తమ ఫ్యాక్టరీల్లో అంత పొగ బయటికి వదలొచ్చు. ఇక్కడ తగ్గకపోతే రెండు పొగలూ పైకే పోతాయి. అందుకే అంత గట్టిగా చూస్తాం."

మునిరాజు కారు ఆపమన్నాడు. రోడ్డు పక్కన నిలబడి తొంభైనాలుగు ఇళ్ల సంగతీ చెప్పాడు. వెంకటలక్ష్మమ్మ సంగతి కూడా చెప్పాడు. చెబుతున్నంతసేపూ గుండె తేలికవుతుందనుకున్నాడు, కాలేదు.

అతని ఉద్యోగం పోయింది. భీమరావును వేరే జిల్లాకు పంపారు. తొంభైనాలుగు ఇళ్లూ లెక్కలోంచి తీసేశారు. నెల తర్వాత ఇందు తనిఖీ రిపోర్టు పంచాయతీ ఆఫీసుకు వస్తే ఎవరో నలుగురిలో చదివారు. వెంకటలక్ష్మమ్మ పేరు పక్కన, ఇంటామె తప్పుడు సమాచారం ఇచ్చిందని ఉంది. ఎవరు చెప్పమంటే చెప్పిందో అందులో లేదు.

ఆ సంగతి తెలిసి మునిరాజు ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె కూర్చోమనలేదు.

"నువ్వు సెప్పమంటేనే కదప్పా నేను సెప్పినాను."

"అవునమ్మా."

"నిజం సెప్పేముందర నన్నొక మాట అడిగుంటే నాది నేనే సెప్పుకోనుందును. ఇప్పుడు ఊర్లో నిన్ను నిజం ఒప్పుకున్నోడంటాండారు. నన్ను అబద్ధాలది అంటాండారు."

దొంగ ఫోటోలు తీసినప్పుడు మునిరాజుకు సిగ్గనిపించింది, కానీ అది తనలో తాను దాచుకోగలిగిన సిగ్గు. ఇది అలాంటిది కాదు.

ఆ మాట రిపోర్టులో మార్చమని ఇందు గారికి ఉత్తరం రాశాడు. రిపోర్టు ముగిసిపోయిందని, ఇక దిద్దడం కుదరదని మర్యాదగా జవాబు వచ్చింది. దాంతో ఒక ఉదయం పాల కేంద్రం దగ్గర ఊరంతా చేరే వేళకు వెళ్లి నిలబడ్డాడు. ఆ అబద్ధం తనదేనని, ప్లాంటు పీకేస్తారని ఆమెను బెదిరించింది తానేనని గట్టిగా చెప్పాడు. కొందరు క్యాన్లు పట్టుకుని విన్నారు. ఒకరిద్దరు నవ్వారు.

వెంకటలక్ష్మమ్మ కూడా అక్కడే ఉంది. ఒకప్పుడు పాలు పోసేందుకు వచ్చే మనిషి, ఆ రోజు పావు లీటరు కొనుక్కునేందుకు వచ్చింది. అంతా విని చెంబు కొంగు కింద పెట్టుకుంది.

"సెప్పేసినావు కదా. ఇంక పో అప్పా, బస్సు టైమయింది" అంది. ఆ గొంతులో కోపం ఉందో లేదో మునిరాజుకు తెలియలేదు.

ఇప్పుడతను కుప్పంలో సోలార్ మోటార్లు బిగించేవాళ్ల దగ్గర పని చేస్తున్నాడు. సబ్సిడీ కాగితాల మీద రైతు సంతకం తీసుకునే ముందు ప్రతి గడీ చదివి వినిపిస్తాడు. ఆలస్యమవుతోందని ఓనరు విసుక్కుంటాడు. పనిమీద మదనపల్లెకు వస్తుంటాడు గాని, చౌడేపల్లె మీదుగా పోయే బస్సు మాత్రం ఎక్కడు.