తప్పంతా కంప్యూటరుదే

మైదుకూరులో ఎవరు అపశ్రుతిలో పాడినా వాసుదేవ్ కంప్యూటరునే తిట్టేవాడు. గొంతు కీచుమన్నా, తాళం తప్పినా, రెండో చరణం దగ్గర నీళ్ళు నమిలినా, లేచి పెట్టె నెత్తిన ఒక్కటి మొట్టేవాడు. "దీని తప్పేనప్పా! మన ఎండలు దీనికి పడవు. నువ్వు పాడు."

మామూలు రోజుల్లో ఆయనది రెడీమేడ్ బట్టల అంగడి. ముహూర్తాలొస్తే కరోకే: కంప్యూటరు సంగీతం వాయిస్తుంటే తెర మీది అక్షరాలు చూసి ఎవరైనా పాడొచ్చు. పెట్టె, తెర, మైకులు ఆటోలో వేసుకొని పెళ్ళిళ్ళకు పోయేవాడు. రెండు వేల ఆరులో, కడపలో కంప్యూటర్ల షాపు నడిపే జ్ఞానరాజు దగ్గర ఇంకో పెట్టె కొన్నాడు, పాటలతో సహా. చిక్కేమిటంటే రెండింట్లో పాటల నంబర్లు వేరు. ఒకే నంబరు కొడితే పాత పెట్టెలో జోలపాట, కొత్త పెట్టెలో జాతర చిందు. ఒక బారసాలలో ఆ చిందుకు ఉయ్యాల్లో బిడ్డ ఉలిక్కిపడి లేచి ఊరంతా వినేలా ఏడ్చింది.

"కంప్యూటరుకు జలుబు చేసిండాది," అన్నాడు వాసుదేవ్.

ఆయన అన్నకూతురు హరిత అప్పుడే కంప్యూటర్ కోర్సు పూర్తి చేసింది. రెండు పెట్టెల పాటలనూ కొత్తదాంట్లోకి చేర్చే పని తలకెత్తుకుంది. అన్నిటికీ కొత్త నంబర్లు వేసింది, ఏ పాట అక్షరాలు ఆ పాటకు జతచేసింది, రెండుచోట్లా ఉన్నవాటిలో ఒకటి తీసేసింది, ప్రతిదీ వాయించి చూసుకుంది. సంగతి విని జ్ఞానరాజు ఫోన్ చేశాడు. "మీ ఊరి మగ్గాల ఓబన్న కూతురి పెళ్ళికి నేనూ వస్తాండా పాపా. నీ పని చూసి, బాగుంటే మా షాపులో ఉద్యోగమిస్తా."

హరిత కాళ్ళు నేల మీద నిలవలేదు. "చిన్నాయనా, ఈసారి దాన్ని తిట్టేకి లేదు. శానా బాగుండాది."

"అట్లయితే నాకేం పని పాపా?" అన్నాడాయన దిగులుగా.

పెళ్ళిలో పాటలు ఒకదాని వెనక ఒకటి చక్కగా వచ్చాయి. అంతలో మగపెళ్ళివారు ఓబన్న భార్య భీమమ్మను పాడమని పట్టుబట్టారు. మగ్గం దగ్గర తప్ప ఎక్కడా నోరు విప్పని మనిషి ఆమె. సంగీతం సరిగ్గానే మొదలైంది. భీమమ్మ మాత్రం దాన్ని దాటుకొని ముందుకు పోయింది, పైస్థాయిలో గొంతు చీలింది. వియ్యపురాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. కూతురి అత్తవారి ముందు భీమమ్మ ముఖం వాడిపోయింది.

ఠప్పుమని మొట్టాడు వాసుదేవ్. "పాపిష్టి పెట్టె! రెండింటి పాటలు కలిపితే ఒకదాని తల ఇంకోదాని మొండేనికి తగులుకొనింది. నీ తప్పేం లేదక్కా, ఉండు!"

హరితకు ఒళ్ళు మండింది. ముందు వరుసలోనే జ్ఞానరాజు కూర్చుని ఉన్నాడు. పాట బాగానే ఉందని చెప్పడానికి నోరు తెరిచింది. కానీ భీమమ్మ మైకును వదలకుండా చిన్నాయన వైపే ఆశగా చూస్తోంది. ఇన్నేళ్ళుగా ఆయన ఎవరికోసం మొడుతున్నాడో హరితకు అప్పుడర్థమైంది. ఆ వెర్రిబాగుల మనిషి మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"అవునత్తా, నేనే తప్పుగా కలిపినా," అంది గట్టిగా, ఉద్యోగం మీద ఆశ వదులుకొని.

జ్ఞానరాజు లేచి వచ్చి తెర చూశాడు. పాటలో ఏ తప్పూ లేదని ఆయనకు ఒక్క చూపులో తెలిసిపోయింది. జనం వైపు తిరిగాడు. "ఆ పాప తప్పు కాదప్పా. ఈ పెట్టె అమ్మింది నేనే. అప్పుడే తేడాగా ఉండె."

మండపమంతా గొల్లున నవ్వింది. నవ్వంతా ఈ ముగ్గురి మీదికి మళ్ళింది. ఆ సందడిలో జ్ఞానరాజు హరిత వైపు వంగి, "సోమవారం పనిలోకి రా. గిరాకీల ముందర మాత్రం ఇట్ల ఒప్పుకోవద్దు తల్లీ," అన్నాడు.

భీమమ్మ మళ్ళీ మొదటినుంచి అందుకుంది. ఇందాకటికన్నా ఘోరంగా, ఇందాకటికన్నా గట్టిగా పాడింది. వియ్యపురాళ్ళు కూడా గొంతు కలిపారు.