నాలుగు వరుసల ఖాళీ

కొత్త రిజిస్టరు విప్పగానే ముక్కుకు తగిలే జిగురు వాసన నాకు ఇప్పటికీ పడదు. మొన్న ఆదివారం ఫిల్మ్ నగర్‌లో మా అపార్ట్‌మెంట్ సంఘం మీటింగు ముగిశాక, సెక్రటరీ శిరీష మినిట్స్ పుస్తకం సంతకానికి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. సెల్లారులో వాచ్‌మన్ కుటుంబం ఉంటున్న గదిని వాళ్లకే ఉంచాలని, ఇంకో పనికి వాడకూడదని గంటన్నర కొట్లాడుకుని తీర్మానించాం. ఆ ముక్కే చక్కగా రాసింది. దాని కింద నాలుగు వరుసల ఖాళీ. ఆ ఖాళీ కింద ప్రెసిడెంటుగారి సంతకం. నా పెన్ను ఆగిపోయింది. "ఏమైందాంటీ?" అంది శిరీష. "ఒక్క నిమిషం ఉండమ్మా" అన్నాను. వీరేశం సారు గుర్తొచ్చారు. ఇన్నేళ్లలో ఆయన గురించి నేను ఎక్కడా చెప్పలేదు. ఆయన గురించి చెబితే నా గురించి కూడా చెప్పాలి. అదీ సంగతి.

మాది రేపల్లె వైపు. మా నాన్న మద్రాసులో సినిమాలకు దుస్తులు కుట్టేవారు. సినిమాలు ఒక్కొక్కటే హైదరాబాదు తరలి వస్తుంటే ఆయనా కుట్టుమిషను రైలెక్కించుకుని వచ్చి, ఎనభైల్లో ఫిల్మ్ నగర్ దిగువన రెండు గదులు అద్దెకు తీసుకున్నారు. నాకు పరీక్ష రాస్తే అక్కడి స్థానిక కౌన్సిల్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. ఆ కౌన్సిల్ ఇప్పుడు లేదు కాబట్టి పేరుతో పనిలేదు. పదకొండు మంది సభ్యులు. సగం మంది జూబ్లీహిల్స్ బంగళాల వైపు వాళ్లు, సగం మంది షేక్‌పేట పాత ఊరి వాళ్లు. పదకొండును సగం చేస్తే ఒకడు మిగులుతాడు కదా, ఆ మిగిలినవాడు ఏ పక్క కూర్చుంటే ఆ పక్కవాడే చైర్మన్. ఏ ఎండకా గొడుగు పట్టే మనిషి ఒక్కడున్నా చాలు, ఒక కౌన్సిల్ చరిత్ర మొత్తం ఆ గొడుగు కిందే నడుస్తుందని నేను అక్కడే నేర్చుకున్నాను.

వీరేశం సారు మా సూపరింటెండెంటు. షేక్‌పేటలోనే పుట్టి పెరిగిన మనిషి. ఉర్దూలో చదువుకున్నారు, తెలుగు రాయడం ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నారు. అందుకేనేమో ఒక్కొక్క అక్షరాన్నీ బియ్యంలో రాళ్లేరినట్టు చూసుకుంటూ రాసేవారు. బీరువాలో అడుగు వరుసలో ఉర్దూ మినిట్స్ పుస్తకాలు, పై వరుసలో తెలుగువి ఉండేవి. నేను చేరిన రోజున ఆయన నాకు రాయడం నేర్పలేదు, ముగించడం నేర్పారు. తీర్మానం ఆఖరి మాటకూ చైర్మన్ సంతకం పెట్టే చోటుకూ మధ్య ఎంత జాగా మిగిలినా సరే, స్కేలు పెట్టి మూల నుంచి మూలకు ఏటవాలుగా గీత కొట్టాలి. పుస్తకం సంతకానికి వెళ్లక ముందే కొట్టాలి. సంతకమయ్యాక ఆ పేజీ మీద ఈగ కూడా వాలకూడదు.

"ఖాళీ జాగా ఉంటె ఎవడో ఒకడు గుడిసేస్తడు బిడ్డా. భూమి మీదైనా గంతే, కాయిదం మీదైనా గంతే" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు.

నేను చేరిన రెండేళ్లలోనే చైర్మన్ కుర్చీ మూడుసార్లు చేతులు మారింది. పోటీ ఎప్పుడూ ఇద్దరి మధ్యే. ఒకాయన షేక్‌పేట రైతు కుటుంబం నుంచి వచ్చినవాడు, ఇంకొకాయన సినిమా పంపిణీలో ఎదిగి కొండ మీద బంగళా కట్టుకున్నవాడు. ఆఫీసులో మేము వాళ్లను ఊరి చైర్మన్, బంగళా చైర్మన్ అని పిలుచుకునేవాళ్లం. మొదటిసారి ఊరి చైర్మన్ మీద అవిశ్వాసం నెగ్గిన మధ్యాహ్నం, మా ఆఫీసు బంట్రోతు ఆయన పేరు పలక పీకి చెత్త కుప్ప మీద పడేయబోయాడు. సారు దాన్ని లాక్కుని, చొక్కా అంచుతో దుమ్ము తుడిచి, పాత గుడ్డలో చుట్టి తన సొరుగులో పెట్టుకున్నారు. అదే సొరుగులోంచి ఇంకో గుడ్డ మూట తీసి విప్పారు. బంగళా చైర్మన్ పేరు పలక, ముందుసారిది.

"ఎందుకు సార్ దాస్తారు?" అని అడిగాను.

"మల్ల ఒస్తడు. గీళ్లు పోరు, తిరుగుతుంటరు. మనకు గీయన గొప్ప, గాయన తక్కువ అని లేదు. గెలిచినోనికి దండ వేసుడు వాళ్ల పని, ఓడినోని పేరు మీద దుమ్ము తుడుసుడు మన పని."

ఆ మాటలో వెటకారం లేదు. ఆయనకు నిజంగానే అంత గౌరవం ఉండేది, మనిషి మీద కాదు, జనం ఎన్నుకున్నారన్న సంగతి మీద. దుమ్ము మాత్రం నాకెప్పుడూ పూర్తిగా వదిలినట్టు కనిపించేది కాదు.

అసలు కథ వడ్డెర బస్తీ దగ్గర మొదలవుతుంది. బంగళాలకు పునాది రాళ్లు కొట్టడానికి వచ్చినవాళ్లు ఆ రాళ్ల మధ్యే గుడిసెలు వేసుకున్నారు. బస్తీ పక్కన చదునైన జాగా ఒకటుండేది. అందులో రేకుల షెడ్డు, ఒక పంతులమ్మ, నలభై మంది దాకా పిల్లలు. ఆ జాగాను బడికి ఇస్తూ పక్కా గదులు కట్టించాలని బస్తీ నుంచి ఎల్లమ్మ అనే ఆమె మా ఆఫీసుకు రెండేళ్లు తిరిగింది. చేతిలో సుత్తి పట్టి కాసిన కాయలు, చంకలో అర్జీల సంచి. చదువు రాదు, కానీ ఏ అర్జీలో ఏముందో పొల్లు పోకుండా ఒప్పజెప్పేది. కౌన్సిల్ మీటింగు జరిగినప్పుడల్లా జనం కూర్చునే బెంచీ మీద మొదట కూర్చునేది ఆమే.

ఊరి చైర్మన్ మళ్లీ కుర్చీ ఎక్కిన కాలంలో ఆ తీర్మానం నెగ్గింది. ఆ రోజు సారు లేరు, షేక్‌పేటలో వాళ్ల పెదనాన్న పోయారు. తీర్మానం పైకి చదివింది నేనే. ఎల్లమ్మ బెంచీ మీద నుంచే రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. తర్వాత నా గదిలో కూర్చుని పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. మూడు గంటలకు పక్క వీధిలో షూటింగు. మా నాన్న కుట్టిన కోటు హీరో వేసుకుంటాడని, వచ్చి చూడమని కబురు పెట్టారు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. ఆఖరి మాట రాసి, పుస్తకం మూసి, చైర్మన్‌గారింటికి సంతకానికి పంపేసి పరిగెత్తాను. గీత కొట్టలేదు. కోటు మాత్రం చాలా బాగుంది.

మరునాడు సారు వచ్చి పుస్తకం విప్పారు. ఖాళీ నాలుగు వరుసలు, కింద చైర్మన్ సంతకం. ఆయన ఆ పేజీని ఎంతసేపు చూశారో చెప్పలేను. నేను స్కేలు తీసుకుని దగ్గరికి వెళ్లాను.

"వద్దు. దస్తఖత్ అయింది. ఇప్పుడు నేను గీత కొట్టినా అది గూడ దిద్దుడే అయితది. ముప్పై ఏండ్ల సంది దస్తఖత్ అయిన పేజీ మీద చెయ్యి పెట్టలే."

"తప్పయిపోయింది సార్."

"సరే తియ్యి" అని పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ బీరువాకు రెండో తాళం చెవి చైర్మన్ దగ్గర ఉండేది.

మూడు నెలలకు గొడుగు మళ్లీ తిరిగింది. బంగళా చైర్మన్ కుర్చీ ఎక్కాడు. సారు గుడ్డ విప్పి పేరు పలక తగిలించారు. ఈసారి వింతేమిటంటే ఓడిన ఊరి చైర్మన్ కూడా అవతలి గట్టుకే చేరి వైస్ చైర్మన్ అయ్యాడు. ఇంకొన్ని నెలలకు బయటపడింది, ఆ ఖాళీలో నాలుగు వరుసలు మొలిచాయని. 'నిర్ణీత గడువులో బడి నిర్మాణం మొదలుకాని పక్షంలో సదరు జాగాను సాంస్కృతిక అవసరాలకు లీజుకు ఇవ్వవచ్చును.' అక్షరాలు అచ్చం నావిలాగే ఉన్నాయి. నేను రాయలేదు. గడువులో బడి ఎందుకు మొదలుకాలేదంటే, కొత్త చైర్మన్ ఫైలు కదలనివ్వలేదు కనుక. జాగా ఒక క్లబ్బుకు పోయింది. రేకుల షెడ్డు ఒక్క పూటలో పీకేశారు.

ఎల్లమ్మ తిన్నగా నా బల్ల దగ్గరకే వచ్చింది. "బిడ్డా, నువ్వే గద సదివినవ్? నేను ఇన్న గద. గప్పుడు గీ మాట లేకుండె. ఉండెనా? నువ్వే జెప్పు."

నేను చెప్పలేదు. "సారుని అడుగమ్మా" అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి, అర్జీల సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

గొడవలు ముదిరి ప్రభుత్వం కౌన్సిల్‌ను రద్దు చేసి స్పెషల్ ఆఫీసర్‌ను వేసింది. ఆయన బస్తీవాళ్ల ఫిర్యాదు మీద విచారణ పెట్టాడు. విచారణకు ముందు రోజు వరండాలో బంగళా చైర్మన్ ఎదురుపడ్డాడు. పదవి లేకపోయినా పలుకుబడి ఎక్కడికి పోతుంది? "మీ నాన్నగారు బాగున్నారామ్మా? మా స్నేహితుడి కంపెనీలోనే కదండీ ఆయన కుట్టేది? మంచి పనిమంతుడు" అన్నాడు, నవ్వుతూ. అంతే.

విచారణలో ఊరి చైర్మన్ సంతకం తనదేనన్నాడు, పైన రాసినదంతా చదివే పెట్టానన్నాడు. సారు మాత్రం ఇంకు వేరేగా ఉందని, మరునాడు తాను చూసినప్పుడు అక్కడ ఖాళీ ఉందని చెప్పారు. ఆఫీసర్ నా వైపు తిరిగాడు.

"ఇది నీ చేతిరాతేనా?"

మా నాన్న మిషను ముందు వంగి దారం ఎక్కించుకుంటున్నట్టు కళ్లకు కట్టింది.

"నాదిలాగే ఉంది సార్" అన్నాను.

సారు నన్ను చూశారు. ఆయన ఇంకొక్క మాట రెట్టిస్తే నేను అబద్ధం ఆడానని తేలేది, ఉద్యోగం పోయేది. ఆయన రెట్టించలేదు. "అట్లయితే నా తప్పే రాసుకోండ్రి సార్. ఖాళీ చూసి గూడ ఊకున్న. పుస్తకం నా జిమ్మా" అన్నారు. నేను కుక్కిన పేనులా కూర్చున్నాను.

బడి తిరిగి రాలేదు. సారుకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది. జనన మరణాల రిజిస్టర్ల సెక్షనుకు పంపేశారు. ఒకసారి ఏదో పని మీద అటు వెళితే, తల వంచుకుని, ఆ రోజు పుట్టినవాళ్ల పేర్ల కింద మిగిలిన జాగాకు గీత కొడుతున్నారు. నన్ను చూసి "నాయిన మంచిగున్నడా?" అని అడిగారు. ఆయన మామూలుగానే అడిగారు. బంగళా చైర్మన్ అడిగిన ప్రశ్నే కదా అది, నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలేదు.

తొంభైల చివర్లో మా నాన్న పోయాక, ఇక భయపడటానికి సాకేమీ మిగలక, షేక్‌పేటలో సారు ఇంటికి వెళ్లాను. అప్పటికి ఆయన రిటైరై చాలా కాలమైంది. అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. నేను కూర్చోకుండానే మొదలుపెట్టాను. ఆ వరుసలు నేను రాయలేదని, ఆ మాట ఆ రోజు చెప్పి ఉంటే పిల్లల బడి నిలిచేదని, మీ పేరు నిలిచేదని చెప్పి ఏడ్చాను. ఆయన నన్ను ఏడవనిచ్చారు. తర్వాత కళ్లజోడు తీసి పేపరు మీద పెట్టారు.

"నువ్వు రాయలేదని నాకు ఎర్కే గద. నువ్వు భయపడ్డవ్ బిడ్డా. భయం కడుపుల పుడ్తది, దాన్నేం జేస్తం? నేను భయపడలే. గర్వపడ్డ. నా పుస్తకం పాక్‌సాఫ్ ఉండాలె, నా చెయ్యి దానికి తగలొద్దు అని. గా పొద్దు గీత కొట్టి, పక్కకు 'దస్తఖత్ అయినంక నేనే కొట్టిన' అని రాసి, తారీఖు ఏసుంటె ఏమైతుండె? ఓ మెమో ఇస్తుండిరి. బడి మిగులుతుండె. పోరగాండ్ల కంటె నాకు పేజీ ముద్దయింది."

నేను ఊరడింపు కోసం వెళ్లాను. ఆయన నా నేరం కాదనలేదు, దాని పక్కన తన నేరం తెచ్చి పెట్టారు. వాళ్లావిడ చాయ్ తెచ్చింది. వచ్చేటప్పుడు "ఎల్లమ్మను కలిసినవా?" అని అడిగారు. కలిశాననీ, అంటే కలవడానికి వెళ్లాననీ, బస్తీ ఉన్న చోట ఇప్పుడు పార్కింగు ఉందనీ చెప్పాను. ఆయన తల ఊపారు. ఆ తర్వాతి వేసవిలోనే ఆయన పోయారని ఆలస్యంగా తెలిసింది.

"ఆంటీ, సంతకం..." అంది శిరీష.

"స్కేలు ఉందా అమ్మా?"

"ఎందుకాంటీ?"

"ఈ ఖాళీకి గీత కొట్టాలి."

"అయ్యో, ప్రెసిడెంటుగారి సంతకం అయిపోయింది కదండీ. ఇప్పుడు దాని మీద ఏదైనా గీస్తే బాగోదేమో?"

"బాగోదు" అన్నాను. సెల్లారు వైపు నుంచి వాచ్‌మన్ కూతురు ఎక్కాలు గట్టిగా అప్పజెబుతున్న చప్పుడు మెట్ల మీదుగా వస్తోంది. శిరీష స్కేలు తెచ్చిచ్చింది. మూల నుంచి మూలకు గీత కొట్టాను. గీత తిన్నగానే వచ్చింది. దాని పక్కన 'సంతకం అయ్యాక నేనే కొట్టాను' అని నా చేతిరాతతో రాసి, తేదీ వేసి, నా పూర్తి పేరు పెట్టాను.