భావు పేరుమీద పక్క రాష్ట్రపు బోరింగు

ఒక ఎమ్మెల్యేను ఓడించాలంటే ప్రతిపక్షం కావాలి, జెండాలూ జీపులూ కావాలి, కనీసం అతని సొంత పార్టీలో అలిగినవాళ్ళు ఇద్దరైనా ఉండాలి అని మీరు అనుకుంటూ ఉంటే పొరపాటు. తెలుగు చదవడం, రాయడం వచ్చిన ఇరవై రెండేళ్ళ అభిమాని ఒక్కడుంటే సరిపోతుంది. ఆ అభిమానిని నేనే. ఎనిమిది పేజీల పుస్తకంతో ఒక మంచి మనిషి రాజకీయ జీవితాన్ని ఎలా ముగించానో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ సగమే నవ్వొస్తుంది.

మాది చంద్రపూర్. గోల్ బజార్లో నాన్నకు బట్టల దుకాణం ఉండేది. తాతగారి కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాం. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, గల్లా దగ్గర హిందీ. మా వీధిలో తెలుగు మాట్లాడనివాడు లేడు, చదవగలిగినవాడు దొరకడు. నేను చిన్నప్పుడు రెండేళ్ళు ఆదిలాబాద్‌లో అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకోవడంతో నాకు అక్షరాలు పట్టుబడ్డాయి. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, నేను కనీసం చెట్టును కూడా కాదు, ఆముదపు గింజను. అయినా ఎవరింట్లో శుభలేఖ రాయాలన్నా, ఊరినుంచి వచ్చిన ఉత్తరం చదవాలన్నా నన్నే పిలిచేవాళ్ళు. పిలిచి పిలిచి నన్ను పాడుచేశారు. నేనొక పండితుణ్ణని నాకు నమ్మకం కుదిరిపోయింది.

మా దుకాణానికి ధోవతుల కోసం, అంతకంటే ఎక్కువగా చాయ్ కోసం, గణపత్‌రావ్ అనే ఎమ్మెల్యే వస్తుండేవాడు. అందరూ ఆయన్ను భావు అనేవాళ్ళు, మరాఠీలో అన్న అని. రాజురా వైపు మనిషి. తెలుగు మనకంటే బాగా మాట్లాడేవాడు, చదవడం మాత్రం రాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా పాపంలో దీనికీ వాటా ఉంది.

భావు ఎన్నికల చరిత్ర విచిత్రమైనది. మొదటిసారి నిచ్చెన గుర్తు మీద నిలబడి ఓడిపోయాడు. రెండోసారి కుట్టుమిషను గుర్తు మీద గెలిచాడు. గెలిచిన ఉత్సాహంలో, తాను ఓడించిన పార్టీలోనే చేరి మూడోసారి ఓడిపోయాడు. ఆ పార్టీని ఓడించడం జనానికి నేర్పింది ఆయనే మరి. నాలుగోసారి ఇంకో పార్టీనుంచి, లెక్క మూడుసార్లు చూసుకుంటే తప్ప నమ్మలేనంత కొద్ది ఓట్లతో గెలిచాడు. అంటే గెలుపూ ఓటమీ ఆయన దగ్గర వంతులవారీగా కాపురం చేస్తున్నాయి. ఇప్పుడు అయిదోసారి. వంతు ఎవరిదో ఆయనకు తెలుసు.

అవి దేశమంతా తలుపులు బార్లా తెరుచుకుంటున్న రోజులు. మా బజార్లో గల్లీకొక ఎస్టీడీ బూతు లేచింది, రాజురా అవతల కొత్త సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు లేచాయి. రాజకీయాల్లోకి కూడా కొత్తరకం మనుషులు, చేతిలో సెల్‌ఫోనూ కళ్ళకు నల్లద్దాలూ పెట్టుకుని వచ్చేశారు. పార్టీవాళ్ళు భావుతో, ఈసారికి టికెట్ ఇస్తున్నాం, ఓడిపోతే మళ్ళీ అడగొద్దని తేల్చేశారట. ఆ మాట నాన్నతో చెబుతూ భావు చాయ్ గ్లాసును చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

“శేట్, గీసారి ఓడితే నన్ను మీటింగులల్ల ఎనక కుర్చీల కూసోబెడ్తరు. ముందట ఏం జరుగుతున్నదో పక్కోన్ని అడగాలె.”

గెలుపు ఎలా వస్తుందో కూడా ఆయనకు తెలుసు. పోయినసారి ఆయన్ను గట్టెక్కించింది జివతి వైపు కొండమీది ఊళ్ళు. అక్కడ తెలుగు రైతులు చాలామంది ఉన్నారు. ఎన్నికల ముందు ప్రతి ఎమ్మెల్యే అచ్చువేయించే అహవాల్, అంటే అయిదేళ్ళలో చేసిన పనుల పుస్తకం, ఈసారి వాళ్ళకోసం తెలుగులో కూడా ఉండాలని భావు కోరిక.

“బేటా, నువ్వే రాయాలె,” అన్నాడు.

నాలోని పండితుడు లేచి నిలబడ్డాడు. మరాఠీ పుస్తకం తీసి చూశాను. కొండ ఊళ్ళ గురించి అందులో ఒకటే వాక్యం ఉంది: ఆ గ్రామాల సమస్యపై విధానసభలో నాలుగుసార్లు ప్రశ్న లేవనెత్తారు. అంతే. నాకు ఒళ్ళు మండింది. అయిదేళ్ళలో ఆ ఊళ్ళకు ఇంకేమీ జరగలేదా? రాసిన గుమాస్తా కొండ ఎక్కి చూసి ఉండడు, అదీ అసలు సంగతి అనుకున్నాను. భావు జీపు అడిగి, నోటుబుక్కు పట్టుకుని నేనే బయలుదేరాను. సాస్తి బొగ్గు గని దాటేసరికి నా తెల్ల చొక్కా బూడిదరంగుకు వచ్చింది. కొండ ఎక్కేసరికి ఏ రంగో చెప్పలేని స్థితికి వచ్చింది.

పైన ఊళ్ళో ఏం చూశానంటారా? కొత్త బోరింగు చూశాను. పంపు కొడితే రెండో దెబ్బకే నీళ్ళు. కొత్తగా సున్నం వేసిన బడి చూశాను. దానిమీద బోర్డు తెలుగులో ఉంది. ఆ బోర్డు చూడగానే నా కళ్ళు చెమర్చాయి. మహారాష్ట్ర ఎమ్మెల్యే అయి ఉండి తెలుగు పిల్లలకు తెలుగు బడి కట్టించాడు, ఒక్క మాట బయటికి చెప్పుకోలేదు, ఎంత గొప్ప మనసు అనుకున్నాను. ఊరినుంచి దక్షిణంగా దిగిపోయే కంకర రోడ్డు కూడా కనబడింది. మన చంద్రపూర్ ఉత్తరాన ఉండగా ఆ రోడ్డు దక్షిణానికి ఎందుకు పోతోందని నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదని ఇన్నేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

ఊరి పెద్ద లచ్చయ్య పటేల్ మంచం వేయించి చాయ్ ఇప్పించాడు. ఇవన్నీ ఎన్నేళ్ళయింది అని అడిగాను. నాలుగేళ్ళన్నాడు. భావు గెలిచి అయిదేళ్ళు. లెక్క అతికినట్టు సరిపోయింది. ఎవరు చేశారని మాత్రం అడగలేదు. అడగడమంటే భావును అనుమానించినట్టే కదా.

“మంచిగ రాస్కో బిడ్డా,” అన్నాడు పటేల్. “నీళ్ళిచ్చినోని పేరు నాలుగు దిక్కుల ఎరుకగావాలె.”

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. అది నాకు తెలియనిదీ కాదు. ఆ ఊళ్ళను మహారాష్ట్ర మాదంటుంది, అప్పటి ఆంధ్రప్రదేశ్ మాదంటుంది. వ్యవహారం కోర్టులో ఉంది. తేలేదాకా ఆ ఊళ్ళలో అన్నీ రెండేసి: ఇద్దరు సర్పంచులు, రెండు రేషన్ కార్డులు, రెండు ఓట్లు, ఇద్దరు ఎమ్మెల్యేలు. చంద్రపూర్‌లో చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన విషయం. కానీ కొత్త పండితుడికి తెలిసిన విషయం అవసరానికి గుర్తొస్తే వాడు పండితుడు ఎందుకవుతాడు? పటేల్ వైపునుంచి కూడా ఒక పొరపాటు జరిగింది. జెండా లేని జీపులో వచ్చి, చకచకా తెలుగులో రాసుకుంటున్న నన్ను చూసి ఆయన ఆదిలాబాద్ ఆఫీసు మనిషి అనుకున్నాడు. నీళ్ళిచ్చినవాడి పేరు నాకు వేరే చెప్పాలని ఆయనకు మాత్రం ఎందుకు అనిపిస్తుంది?

ఇంటికొచ్చి రెండు రోజుల్లో ఎనిమిది పేజీలు రాశాను. బోరింగుకు ఒక పేజీ. బడికి పేజీన్నర. భావు నోటితో అడగకపోయినా తల్లి బిడ్డ ఆకలి తెలుసుకున్నట్టు తెలుసుకున్నాడని రాశాను. చంద్రపూర్ ప్రెస్సుల్లో తెలుగు అక్షరాలు లేక ఆదిలాబాద్ వెళ్ళి అచ్చువేయించాను. అక్కడి ప్రెస్సాయన ప్రూఫు చదివి కళ్ళజోడు తీసి నావైపు చూశాడు.

“మీ ఎమ్మెల్యే మా దిక్కు పనులు గూడ చేసిండా?” అన్నాడు.

“ఆయనకు ఎల్లలు లేవు,” అన్నాను.

ఆయన మళ్ళీ కళ్ళజోడు పెట్టుకుని మిషను తిప్పాడు. నన్ను కాపాడటానికి దేవుడు పంపిన చివరి మనిషి ఆయన. నేను గుర్తుపట్టలేదు.

పుస్తకాలు కొండ ఊళ్ళన్నిటికీ ముందే పంపించేశాం. ఎవరూ సరిచూడలేదా అంటే, భావుకు తెలుగు చదవడం రాదు. నాన్న గల్లా మీదినుంచి ఒకసారి తిరగేసి అక్షరాలు పెద్దగా, మంచిగా ఉన్నాయన్నాడు. తర్వాత వారం అదే ఊళ్ళో సభ పెట్టాం. మైకు నాకిచ్చారు. పుస్తకం మొదటినుంచి చదవడం మొదలుపెట్టాను. బోరింగు దగ్గరికి వచ్చేసరికి సభ నిశ్శబ్దమైంది. బడి దగ్గర ఇంకా నిశ్శబ్దమైంది. జనం కదిలిపోతున్నారనుకుని నా గొంతులో కూడా వణుకు పెట్టి చదివాను. చూడబోతే వాళ్ళు నిజంగానే కదులుతున్నారు, ఒకరివైపు ఒకరు తిరిగి గుసగుసలాడుకోవడానికి.

లచ్చయ్య పటేల్ లేచాడు. కోపం లేదు ఆయనలో, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

“భావు, గీ బోరింగు నువ్వేసినవా? గా దిక్కు ఎమ్మెల్యే ఏసిండు గద. బడి గూడ ఆయన్నే కట్టిచ్చిండు. మల్ల గీ పుస్తకంల నీ పేరున్నదేంది?”

భావు నావైపు చూశాడు. ఆ చూపులో తిట్టు ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. లేదు. పుస్తకంలో ఏముందో ఆయన మొట్టమొదటిసారి వింటున్నాడు, అంతే. నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఏదో ఒక అబద్ధం చెప్పి గట్టెక్కించమని మనసులో దండాలు పెట్టుకున్నాను. ఇరవై ఏళ్ళ రాజకీయ అనుభవం ఉన్నవాడికి ఒక చిన్న అబద్ధం దొరకదా?

“నేను ఎయ్యలే పటేలా,” అన్నాడు. “నేనేసిన అని చెప్తే అబద్ధమైతది.”

వెనక వరసలోంచి ఒక ముసలమ్మ అడిగింది. “మల్ల నువ్వేం జేసినవ్ బిడ్డా?”

విధానసభలో నాలుగుసార్లు అడిగానన్నాడు. ప్రతిసారీ, ఆ ఊళ్ళ సంగతి కోర్టులో ఉంది, తేలేదాకా పైసా ఇవ్వలేమన్నారని చెప్పాడు. ముసలమ్మ అంతా విన్నది. గా దిక్కోళ్ళకు గూడ గదే కోర్టు గద అంది. భావు మైకు నా చేతిలో పెట్టి కూర్చున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ప్రశ్న రెండు రాష్ట్రాలనూ అడగాల్సింది. ఆ క్షణాన భూమి చీలితే బాగుండుననుకున్నాను. చీలినా రెండు రాష్ట్రాలు కొట్లాడుకుంటాయి, నన్ను ఎవరు పూడ్చాలో తేలదు.

ఇంతటితో ఊరుకున్నానా? లేదు. చేసిన తప్పు దిద్దుకోవాలని మర్నాటినుంచి ఊరూరా తిరిగి పుస్తకాలు వెనక్కి అడగడం మొదలుపెట్టాను. అప్పటిదాకా దాన్ని విప్పి చూడనివాళ్ళు కూడా, వెనక్కి తీసుకునేంత రహస్యం ఏముందోనని చదివించుకున్నారు. ఎదుటి పార్టీవాళ్ళు ఒక పుస్తకం సంపాదించి మరాఠీలోకి మార్పించి, కొండ కింది ఊళ్ళలో కూడా పంచారు. నా రచన రెండు భాషల్లో వెలువడటం అదే మొదలు, అదే చివర.

భావు ఓడిపోయాడు. కొండ ఊళ్ళలో పోయినసారి వచ్చినన్ని ఓట్లు వచ్చినా గెలిచేవాడు. లెక్కింపు అయిన మర్నాడు ఆయన మా దుకాణానికి వస్తే నేను లోపల గుడ్డల తానుల వెనక దాక్కున్నాను. ఇరవై రెండేళ్ళవాణ్ణి, చిన్నపిల్లవాడిలా దాక్కున్నాను. నాన్న పిలిస్తే తప్పక బయటికి వచ్చాను. క్షమించమని అడగబోతే ఏడుపొచ్చింది.

“ఏడ్వకు బేటా,” అన్నాడు భావు. “మొన్న ఎదుటి పార్టోళ్ళు మరాఠీల పంచిన నీ పుస్తకం నేనే సదివిన. అండ్ల నువ్వు రాసినయన్ని నేను చెయ్యాలనుకున్నయే. ఒక్కటి గూడ తక్కువ రాయలే.”

తిట్టి ఉంటే మర్చిపోయేవాణ్ణి. ఆ మాట మాత్రం నాతోనే ఉండిపోయింది.

కథ ఇక్కడ అయిపోతే కనీసం నా దుఃఖానికి ఒక మర్యాద దక్కేది. ఆ ఏడు రెండు రాష్ట్రాల ఎన్నికలూ ఒకేసారి వచ్చాయి. ఫలితాలు వచ్చిన వారానికి ఆదిలాబాద్ వైపునుంచి ఒక జీపు వచ్చి మా దుకాణం ముందు ఆగింది. అందులోంచి దిగిన మనిషి చేతిలో పూలదండ, మిఠాయి డబ్బా. తెలుగు పుస్తకం రాసిన పంతులుగారు ఎవరని అడిగాడు. నాన్న నన్ను చూపించాడు. ఆయన దండ తీసి నా మెడలో వేశాడు.

“మా ఎమ్మెల్యే సాబ్ పంపిండు,” అన్నాడు. “కొండమీదోళ్ళు ఎప్పుడు గూడ మా దిక్కు బూతుకు అంతగనం రాకపోదురు. గీసారి మీ పుస్తకం సదివి, నీళ్ళిచ్చింది మా సాబే గదా అని యాదికొచ్చి బండ్లు కట్టుకొని వచ్చి ఏసిన్రు. గా ఓట్లతోనే బయటపడ్డం. సాబ్ చేసిన పనులు గింత మంచిగ మా వాళ్ళు గూడ రాయలేదు. వచ్చేసారి గూడ మీరే రాయాలంట.”

గల్లా దగ్గర కూర్చున్న నాన్న, మిఠాయి డబ్బా వైపు చూసి, తర్వాత నావైపు చూసి, తల పట్టుకున్నాడు.

కాబట్టి పాఠకులారా, మీ ఎదుట, నేర్చుకున్న అక్షరాలన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేను ప్రేమించే, గౌరవించే ఏ నాయకుడి గురించీ ఈ జన్మలో ఒక్క మంచి మాట అచ్చులో పెట్టను. మరీ రాయక తప్పదని ఎవరైనా మెడమీద కత్తి పెడితే, వాడు చిత్తుగా ఓడిపోవాలని నేను మనసారా కోరుకునేవాడి గురించి మాత్రమే రాస్తాను.